గండికోటలో ఒక పగలు, ఒక రాత్రి

"గండికోటను మీరు ఎన్నిసార్లు చూశారు?" అని ఒక రాత్రి భోజనాల వేళ మా ఇల్లాలు అడిగింది. నాలుగుసార్లని చెప్పాము. ఆ నాలుగుసార్లూ మద్రసా విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్ళినవే. "నేను మాత్రం ఇరవై ఏడేళ్ళుగా మీ మాటల్లోనే చూస్తున్నాను" అన్నదామె. ఆ మాటలో నిష్ఠూరం లేదు. రొట్టె తుంచి మా పళ్ళెంలో వేస్తూ ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పింది. కాసేపాగి, "షాబాన్‌లో పిల్ల నికాహ్ అయిపోతుంది. ఆలోగా ఒక్కసారి నలుగురం కలిసి వెళ్ళివస్తే బాగుంటుంది" అన్నది.

మా పెద్దమ్మాయికి కుదిరిన పెళ్ళికుమారుడు కువైట్‌లో ఉద్యోగి. మా కడప జిల్లా వారికి కువైట్ పొరుగూరు వంటిదే. అయినా పొరుగూరికి ఇచ్చిన బిడ్డ పండుగకు వస్తుంది. కువైట్ వెళ్ళిన బిడ్డ సెలవు దొరికితేనే వస్తుంది. ఇల్లాలి మాటలోని తొందర మాకు అర్థమయింది. అర్థమయిన తరువాత కూడా మనసు సాకులే వెదికింది. కారు అద్దెకు డబ్బెక్కడిది? మద్రసా పనులు ఎవరు చూస్తారు? పైకి చెప్పని మూడో సాకు ఒకటున్నది: మౌల్వీగారు పెళ్ళాం పిల్లలతో షికార్లు తిరుగుతున్నారని నలుగురూ అనుకుంటారేమో!

మరునాడు హదీసు పాఠంలో ఆ మూడో సాకుకు జవాబు దొరికింది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (సల్లం) తన సతీమణి ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత మరో ప్రయాణంలో మళ్ళీ పందెం వేస్తే ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని నవ్వుతూ అన్నారు. ఈ వృత్తాంతాన్ని మేము ఏటా బోధిస్తూనే ఉన్నాము. తరగతి గది నుంచి మా ఇంటి గడపకు మాత్రం దానిని ఎన్నడూ తీసుకురాలేదు. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి డిసెంబరులో మద్రసాకు మూడు రోజులు సెలవు రాగానే, బుధవారం ఫజ్ర్ నమాజు ముగించుకుని నలుగురమూ ప్రొద్దుటూరు నుంచి బయలుదేరాము.

నేల కింద నడిచిన ఉదయం

మా ఊరి నుంచి గండికోట 40 కిలోమీటర్లకు మించదు. అయినా ముందుగా బెలుం గుహలు చూసి, అక్కడి నుంచి గండికోట చేరాలని మా ఎనిమిదో తరగతి అబ్బాయి పట్టుబట్టాడు. జమ్మలమడుగు దాటినది మొదలు రోడ్డుకు ఇరువైపులా నల్లరేగడి నేల, దానిమీద మోకాలెత్తు పచ్చని శనగ పైరు. మధ్య మధ్య నాపరాళ్ళ గనులు, తీసిన బండలను వరుసగా నిలబెట్టిన దొడ్లు. మా ఇళ్ళలో నేల మీద పరిచేది, గోడల చుట్టూ అరుగులు వేసేది ఈ బండలనే. పుట్టింటి అరుగు ఏ గని రాయోనని మా ఇల్లాలు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నది.

బెలుం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. కొండ ఎక్కవలసిన పని లేదు. చదునైన పొలాల నడుమ బావి వంటి గుంత. అందులోకి మెట్లు దిగితే గుహ మొదలవుతుంది. కనుగొన్నంత వరకు దీని పొడవు 3,229 మీటర్లు. యాత్రికులను సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర అనుమతిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త వీటిని గురించి రాశాడు. ఆ తరువాత దాదాపు వందేళ్ళు లోకం వీటిని మరచిపోయింది. 1980ల ఆరంభంలో జర్మనీకి చెందిన డేనియల్ గెబౌర్ బృందం లోపలికి వెళ్ళి, కొలతలు తీసి పటం గీసింది. పర్యాటక శాఖ మెట్లు, దీపాలు, గాలి గొట్టాలు అమర్చి 2002లో ప్రజలకు తెరిచింది.

గుహ ఎలా ఏర్పడిందని అబ్బాయి అడిగాడు. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతి సందుల్లోకి ఇంకి, చుక్క చుక్కగా రాతిని కరిగిస్తుంది. వేల ఏళ్ళు గడిస్తే సందు సొరంగమవుతుంది. కరిగిన సున్నమే పైకప్పు నుంచి కారుతూ మళ్ళీ గట్టిపడి ఊడలుగా వేలాడుతుంది. ఒకచోట ఆ ఊడలు మర్రిచెట్టులాగే కనిపిస్తాయి. ఆ పేరే దానికి పెట్టారు. మరొకచోట రాతి ఊడను వేలి కణుపుతో తడితే లోహం మోగినట్లు మోగుతుంది. దానిని సప్తస్వరాల గుహ అంటారు. అన్నిటికంటే లోతైన చోట, నేలకు 46 మీటర్ల అడుగున పాతాళగంగ ఉన్నది. అక్కడ సన్నని నీటిపాయ చీకట్లోంచి వచ్చి చీకట్లోకే పోతుంది.

లోపల ఉక్క విపరీతం. మోకాళ్ళ నొప్పితో మా ఇల్లాలు సగం దారిలో ఆగిపోతుందనుకున్నాము. ఆమె ఆగలేదు. అమ్మాయి భుజం పట్టుకుని మెట్టు మెట్టుకూ నిలబడుతూ పాతాళగంగ వరకు దిగింది. ఆ నీటిలో వేళ్ళు తడిపి, "ఇంత మెత్తటి నీళ్ళు ఇంత గట్టి రాతిని తొలిచాయా!" అన్నది. ఇన్నేళ్ళుగా ఆమెను ఇంటి పనుల మధ్యనే చూసిన మాకు, ఆమె ఆశ్చర్యపడితే ముఖం ఎలా ఉంటుందో ఆనాడే తెలిసింది.

బయటికి వచ్చి, జుహ్ర్ నమాజు చేసుకుని, చెట్టు నీడన మూట విప్పాము. జొన్నరొట్టెలు, ఖాగినా, శనక్కాయల పొడి, ఫ్లాస్కులో చాయ్. అక్కడి నుంచి గండికోట సుమారు 60 కిలోమీటర్లు.

మీర్ జుమ్లా ఉత్తరాలు

జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసుకుపోయిన చోటు ఇది. ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. ఒకవైపు నది, మిగిలిన వైపుల కొండలు, వాటి చుట్టూ ఎర్రరాతి గోడ. విజయనగర ప్రభువుల సామంతులైన పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి చిరకాలం పాలించారు. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వజీరైన మీర్ జుమ్లా ఈ కోటను గెలుచుకున్నాడు.

కోట లోపల ఇప్పటికీ పల్లె ఉన్నది. ఇళ్ళు, గడ్డివాములు, మేకలు దాటుకుంటూ పోతే జామియా మస్జిద్ వస్తుంది. రెండు మినారులు, విశాలమైన ఆవరణ, దాని చుట్టూ కమానుల వరుస. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. నిత్య నమాజు జరగదు. దానిని ఆనుకున్నట్లే పెద్ద ధాన్యాగారం. కొద్ది దూరంలో మాధవరాయ ఆలయ గోపురం. మస్జిద్ మినారు, ఆలయ గోపురం ఒకే చూపులో ఇమిడిపోతాయి. ఆ రెంటికీ రాయి ఇచ్చినది ఈ కొండలే, నీరు ఇచ్చినది ఈ కోట చెరువులే.

మస్జిద్ ఆవరణలో కూర్చుని అబ్బాయికి మీర్ జుమ్లా కథ చెప్పాము. ఇరాన్‌లో ఒక నూనె వర్తకుని ఇంట పుట్టినవాడు. గోల్కొండ చేరి, వజ్రాల వ్యాపారంలో అంతులేని ధనం గడించి, వజీరు పదవికి ఎదిగాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఆయనను కలుసుకునేందుకు ఈ గండికోటకే వచ్చాడు. మీర్ జుమ్లా పని చేసే తీరు చూసి అతడు విస్తుపోయి, దానిని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. చేతి వేళ్ళ మధ్యనే కాక కాలి వేళ్ళ మధ్య కూడా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటి తీసి చూస్తూ లేఖకులకు జవాబులు చెప్పేవాడట. తరువాత మొగలుల కొలువులో చేరి, బెంగాల్ వెళ్ళి, అస్సాం దండయాత్రలో జబ్బుపడి 1663లో మరణించాడు. అబ్బాయి కాలి వేళ్ళ కథకు పడి పడి నవ్వాడు. "అయితే ఆయన ఈ లోయను చూశాడా అబ్బా?" అని అడిగాడు. చూసే ఉంటాడన్నాము.

అస్ర్ తరువాత గండి అంచుకు నడిచాము. చదునైన బండలు పరుచుకున్న దారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎదుట శూన్యం. దానికి అవతల, ఎవరో ఇటుకలు పేర్చినట్లు పొరలు పొరలుగా ఎర్రని రాతి గోడ. అడుగున మలుపు తిరిగే పెన్న. నది వెడల్పు అక్కడ సుమారు 300 అడుగులే. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నది, వందకోట్ల ఏళ్ళకు పైబడిన రాతిని ఇక్కడ ఇంత లోతుగా కోసింది. అంచున ఎక్కడా కమ్మీలు లేవు. ఇల్లాలు మా చేయి పట్టుకుని, రెండు గజాల దూరంలోనే కూలబడి, "సుబ్‌హానల్లాహ్" అన్నది. ఆ తరువాత చాలాసేపు ఏమీ అనలేదు.

పొద్దు కొండల మీదికి వాలుతున్నది. ఎదుటి గోడ ఎరుపు నిమిషానికొక తీరుగా మారుతున్నది. అంతలో మా ఫోన్ మోగింది. మద్రసా వంటగది కప్పు మరమ్మతు గురించి. గాలికి మాట వినబడక పక్కకు నడిచాము. సిమెంటు లెక్క, కూలి లెక్క, ఎవరెవరు ఎంత ఇస్తామన్నారో ఆ లెక్క. ఒకటి ముగియగానే రెండోది వచ్చింది. మేము తిరిగి చూసేసరికి సూర్యుడు లేడు. తల్లీబిడ్డలు ముగ్గురూ మసకలో మా వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. మా కోసం పక్కన ఉంచిన చోటు ఖాళీగానే ఉన్నది.

"అబ్బా కూడా మీర్ జుమ్లానే!" అన్నాడు అబ్బాయి.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. కానీ ఆ మాట లోపలికి దిగింది. మద్రసా పని దైవకార్యమే, అందులో సందేహం లేదు. అయితే వంటగది కప్పు మరునాటి వరకు ఆగుతుంది. ఆ సూర్యాస్తమయం ఆగలేదు. ఇరవై ఏడేళ్ళకు మొదటిసారి వెంట తీసుకువచ్చిన మనిషి పక్కన కూర్చోవడం కూడా మాపై ఉన్న హక్కే. మగ్రిబ్‌కు వజూ చేసే ముందు ఫోన్ ఆపివేసి సంచిలో అడుగున పెట్టాము.

పిల్లలకోడి

ఆ పల్లె కుర్రవాళ్ళు యాత్రికులకు గుడారాలు అద్దెకిస్తారు. లోయ అంచుకు బాగా దూరంగా, ఊరికి దగ్గరగా ఉన్న చదును నేలలో రెండు గుడారాలు వేయించుకున్నాము. గుడారాలు వేసిన అబ్బాయి తల్లి వేడి సంకటి, వంకాయ పులుసు తెచ్చింది. "మాంసం లేదు సాయిబన్నా, ఉన్నదే తెచ్చినా. అక్కా, ఇంకో ముద్ద ఏసుకో, చలికి బాగుంటాది" అని దగ్గరుండి వడ్డించింది. వెళుతూ వెళుతూ తన ఇంటి నుంచి ఒక బొంత కూడా తెచ్చి ఇచ్చింది.

ఇషా నమాజు ముగిసేసరికి చుట్టూ దీపాలు ఆరిపోయాయి. చంద్రమాసం చివరి రోజులు కనుక వెన్నెల లేదు. బొంత పరచుకుని నలుగురమూ వెల్లకిలా పడుకున్నాము. మా ఊళ్ళో కనబడే నాలుగు చుక్కలు కావవి, ఆకాశమంతా చల్లినట్లున్నది.

"అదిగో పిల్లలకోడి!" అన్నది మా ఇల్లాలు. నడినెత్తిన చిన్న గుంపుగా మెరిసే చుక్కలను చూపించింది. తరువాత తూర్పున వరుసగా ఉన్న మూడు చుక్కలను చూపి, "అది గొల్లకావడి" అన్నది. ఈ పేర్లు నీకెలా తెలుసని అడిగాము. ఆమె పుట్టిల్లు మట్టి మిద్దె. పెళ్ళయ్యే వరకు వేసవి రాత్రులన్నీ మిద్దె మీదనే పడుకునేవారట. పక్కింటి అవ్వ ఒక్కొక్క చుక్కనూ చూపి పేరు చెప్పేదట. "మీ ఇంటికి వచ్చాక మిద్దె లేదు కదా, రేకుల కప్పు. అందుకే మరచిపోయాననుకున్నాను" అన్నది.

మేము అరబ్బీ గ్రంథాలలో సురయ్యా అని చదివినది ఆమె పిల్లలకోడినే. దాని వెనుక ఎర్రగా వెలిగే నక్షత్రానికి అల్‌దబరాన్ అని పేరు. వెంట నడిచేది అని అర్థం. లోకంలోని ఖగోళ శాస్త్రవేత్తలందరూ నేటికీ ఆ అరబ్బీ పేరుతోనే దానిని పిలుస్తారు. ఈ సంగతి చెప్పగానే అమ్మాయి, "అయితే అది తల్లికోడి నుంచి వెనకబడిపోయిన పిల్లా అమ్మీ?" అని అడిగింది. ఎవరూ బదులు పలకలేదు. కొంతసేపటికి మేము లెక్క కట్టి చెప్పాము: "ఇక్కడ మన నెత్తిమీదికి వచ్చిన రెండు గంటలకు ఇవే చుక్కలు కువైట్‌లో నెత్తిమీదికి వస్తాయి."

చాలాసేపు మౌనం. చీకట్లో అమ్మాయి గొంతు వినిపించింది. "అబ్బా, ఒక మాట అడగనా? నా డిగ్రీ చివరి పరీక్షలు ఏప్రిల్‌లో ఉన్నాయి. అవి రాసి వెళ్ళవచ్చునా?"

నికాహ్ ముగిసిన వారం రోజులకే ప్రయాణమని పెద్దలమందరమూ నిశ్చయించాము. పిల్ల తల ఊపింది కనుక సమ్మతించిందనుకున్నాము. మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని ప్రశ్నించాము. "మీరెప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూ ఉంటారు అబ్బా. ఆగి అడిగేంత సమయం దొరకలేదు" అన్నది. అందులో ఫిర్యాదు లేదు. తల్లి వలెనే, ఉన్న సంగతి చెప్పింది. నికాహ్‌కు వధువు అనుమతి తప్పనిసరి అని వందల మందికి బోధించినవారము. నికాహ్‌కు అడిగాము, తక్కిన జీవితాన్ని గురించి అడగలేదు. చీకటి కనుక మా కళ్ళు ఎవరికీ కనబడలేదు.

"రాసే వెళ్ళు తల్లీ, మేము మాట్లాడుతాము" అన్నాము. ఇల్లాలు చేయి చాచి బిడ్డ తల నిమిరింది. అబ్బాయి అప్పటికే నిద్రపోయాడు. పిల్లలకోడి నెత్తిమీది నుంచి పడమటికి జరిగే వరకు తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు. వారి గొంతులు మాత్రం విన్నాము. అంత నిశ్చింతగా నిద్రపట్టిన రాత్రి ఇటీవల మరొకటి లేదు.

తెల్లవారిన తరువాత

ఫజ్ర్‌కు లేచేసరికి తూర్పున గోరంత నెలవంక. బొంత మంచుకు తడిసింది. నమాజు తరువాత మళ్ళీ గండి అంచుకు వెళ్ళాము. ఈసారి మాకోసం ఉంచిన చోటులో మేము కూర్చున్నాము. పొద్దు పొడిచి, మొదట ఎదుటి గోడ అంచు, ఆ తరువాత పొర పొరగా కిందికి వెలుగు దిగి, చివరకు నీటిని తాకింది. అంతా ముగిసే వరకు ఎవరమూ లేవలేదు. దీనిని మేము నాలుగుసార్లు చూశామని చెప్పుకునేవారము. నిజానికి ఆ నాలుగుసార్లూ విద్యార్థుల తలలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాము.

ఇంటికి చేరిన సాయంత్రమే వియ్యంకుల ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాము. వారు కొంత ఆలోచించారు; అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడారు. నికాహ్ అనుకున్న తేదీకే, రుఖ్సతీ పరీక్షల తరువాత అని ఒప్పుకున్నారు. అల్‌హందులిల్లాహ్! అడగడమే ఆలస్యం, మంచివారికి ఇవ్వడం కష్టం కాదు.

గండికోట వెళ్ళదలచిన కుటుంబాలకు కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తగిన కాలం. వేసవిలో ఆ బండలు నిప్పులే. తాగునీరు, టార్చి లైటు, దుప్పట్లు వెంట ఉంచుకోండి. అంచు దగ్గర పిల్లల చేయి వదలకండి. చీకటి పడ్డాక అటు వెళ్ళనే వద్దు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు బెలుం గుహల్లో తొందరపడకుండా దిగండి. తిన్న ఆకులు, కాగితాలు అక్కడ పారవేయకండి. అన్నిటికంటే ముఖ్యంగా, పొద్దు వాలకముందే ఫోన్ ఆపివేయండి.

దూరదేశాలకు వెళ్ళే స్తోమత అందరికీ ఉండదు. మాకు ఆ ఒక్క రోజుకే నెల జీతంలో మూడో వంతు ఖర్చయింది. అయితే భూమి మీద సంచరించి సృష్టిని పరికించమన్న దివ్య ఖుర్ఆన్ ఉపదేశం పురుషులకు మాత్రమే వచ్చినది కాదు. మీ ఇంట్లో కూడా ఏదో ఒక కొండను, ఒక ఏరును, ఒక సముద్రపు ఒడ్డును మీ మాటల్లోనే చూస్తున్నవారు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి అడిగి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు మరో ప్రయాణం గురించి మాటలు మొదలయ్యాయి. పరీక్షలు ముగిశాక, పిల్ల కువైట్ వెళ్ళేలోగా, నెల్లూరు దాకా వెళ్ళి పెన్న సముద్రంలో కలిసే చోటును చూడాలట. ఈసారి మేము సాకులు వెదకలేదు. ఇన్‌షా అల్లాహ్, వెళతాము.